మూడో పాటలో నా దగ్గు

వినండి, రెండు నిమిషాలు దాటాక,
ఓబో ఊపిరి తీసుకునే సందులో
ఎవరో దగ్గుతారు.
అది నేనే.
అట్ట మీద నా పేరు లేదు. దగ్గు మాత్రం లోపల ఉంది.

గెంట్‌లో, కాలువ పక్కన,
సన్యాసినులు ఖాళీ చేసి వెళ్ళిన ప్రార్థనాగది.
ఫిబ్రవరి. నాలుగు రోజులు.
హీటరు వేస్తే హార్ప్సికార్డ్ శ్రుతి తప్పుతుంది,
ఆపేస్తే వయొలిన్ అమ్మాయిల వేళ్ళు కొంకర్లు పోతాయి.
నేను వేళ్ళ పక్షం కాదు.
ముప్పై ఏళ్ళుగా శ్రుతి పక్షం.

యోరిస్ వాళ్ళ నాన్నది రొట్టెల దుకాణం.
ఆయన పోయాక పిండి కలిపే యంత్రం అమ్మి
రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో,
సగంపూట ఓబో
అద్దెకి తెచ్చుకున్నాడు మనిషి.
గోడ గడియారం చూసుకుంటూనే పాడాడు.
అందుకేనేమో పాటలన్నీ పొట్టివి,
చెప్పబోయి నాలిక కరుచుకున్నట్టు ఆగిపోతాయి.

పదకొండు పాటలు. ఒక్కదానిలోనూ నాన్న అనే మాట లేదు.
తెల్లవారుజాము మూడింటికి వెలిగే దీపం ఉంది,
మెట్ల మీద తెల్లటి అడుగులున్నాయి,
ఆవలి గది నుంచి గోడ మీదుగా వచ్చే దగ్గు,
సాయంత్రానికి రాయైపోయిన రొట్టెని
పావురాలకి తుంచి వేసే ఆదివారం,
అంతే.
వాటి చుట్టూ మాత్రం తీగవాద్యాలు
జరీ అంచులు కుట్టుకుంటూ పోతాయి.

నాకు సింగారాలు పడవు. అడిగేశాను,
ఇంత దుఃఖానికి ఇన్ని నగలెందుకయ్యా అని.
"పెళ్ళి కేకుల మీద మా నాన్న
పంచదార గులాబీలు చేసేవాడు.
ఒక్కోదానికి ఇరవై రెండు రేకులు.
తినేవాళ్ళు వాటిని తీసి పళ్ళెం అంచున పెట్టేవాళ్ళు.
ఆయన చేస్తూనే ఉన్నాడు."
ఇక నేనేమీ అడగలేదు.

ఈ వాద్యం గురించి మీకో సంగతి తెలియాలి.
మెట్టు ఎంత బలంగా నొక్కినా, ఎంత మెల్లగా తాకినా
దాదాపు ఒకే గొంతు.
చిన్న ఈకముల్లు తీగని మీటుతుంది, వదిలేస్తుంది.
దానికి అరవడం రాదు, గుసగుస రాదు.
పియానో మీద పడి ఏడ్చినట్టు దీని మీద ఏడవలేం.

మూడోరోజు రాత్రి యోరిస్ పిడికిలితో బాదాడు.
అది అంతే మర్యాదగా పలికింది.
అతను నవ్వాడు, ఆ వారానికంతా అదొక్కటే నవ్వు.
"అచ్చం మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంది," అన్నాడు.
ఆ దెబ్బకి ఆరు తీగలు సడలాయి.
అర్ధరాత్రి దాకా బిగించాను, తిట్టుకుంటూ.

దగ్గు సంగతి కదూ.
చివరిరోజు, చివరి గంట. గొంతులో ఏదో అడ్డుపడింది,
మింగాను, మళ్ళీ మింగాను,
ఓబో ఆగింది, నేను ఆగలేకపోయాను.
రికార్డు చేసే కుర్రాడు చెయ్యెత్తాడు, ఇంకోసారి అని.
నా మొహం కందగడ్డ అయింది.
యోరిస్ తల అడ్డంగా ఊపాడు.
"ఉంచెయ్. ఆ పాటలో ఎవరో ఒకరు దగ్గాలి."

మూడు వందలు అచ్చు వేశారు.
రెండొందల పైచిలుకు ఇంకా అతని మెట్ల కింద,
పిండి బస్తాలుండే చోట ఉన్నాయట.
నా కూలీలో సగం డబ్బు, సగం ఒక కాపీ.
మా ఇంట్లో రికార్డు తిప్పేది లేదు,
లైబ్రరీకి పట్టుకెళ్ళి
చెవులకి తగిలించుకుని కూర్చున్నాను.
కిటికీ అవతల వానలో ట్రామ్ మలుపు తిరుగుతోంది.

తొమ్మిదో పాటలో ఒక తీగ
వెంట్రుకవాసి కిందికి జారింది.
ఎవరికీ వినబడదు. అతనికీ వినబడి ఉండదు.
పాట అయిపోయింది, సూది పైకి లేచింది,
నా కుడిచెయ్యి ఇంకా కోటు జేబులో
శ్రుతి బిగించే తాళంచెవి వెతుక్కుంటోంది.